పూలరేకులు చల్లిన రోజు

కిల్‌మోరన్
4 ఫిబ్రవరి 1996

ప్రియమైన ఫింటన్ అన్నయ్యకు,

ప్రభువు శాంతి నీ ఇంట ఉండాలి. ఇక్కడ మేమంతా కులాసా. మా ఆయన కోల్మన్ నడుము నొప్పి చలి తగ్గితే తగ్గుతుందని డాక్టరు అన్నాడు. చలి తగ్గేది ఎప్పుడో ఆయన చెప్పలేదు.

అసలు విషయానికి వస్తాను. ఈ వసంతంలో ఇంటి పూజ మా వంతు. ఊరంతా ఒక చుట్టు తిరిగి మళ్ళీ మన గడపకు వచ్చేసరికి నేనుంటానో లేదో. ఈస్టర్ తర్వాత, ఏప్రిల్ పద్దెనిమిది, గురువారం ఉదయం. కోల్మన్ ఇప్పటినుంచే గోడలకు సున్నం వేస్తూ గొణుగుతున్నాడు. "ఫాదర్ వచ్చేది పూజ చేయడానికా, గోడలు తనిఖీ చేయడానికా?" అంటాడు. పూజ తర్వాత ఫాదరుకు పెట్టే అల్పాహారం గురించి మాత్రం నాకంటే ఆయనకే బెంగ ఎక్కువ.

నువ్వు రావాలి అన్నయ్యా. పదహారో ఏట ఇంగ్లండు పడవెక్కావు. ఆ తర్వాత నాన్న అంత్యక్రియలకు ఒక్కసారి వచ్చి, శ్మశానం గేటు దగ్గరే నిలబడి, ఆ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయావు. వెనకనుంచి పిలిచాను. తిరిగి చూడలేదు. నాకు కోపం లేదు, బాధ ఉంది.

ఒక శుభవార్త. మీ బడిలో సంగీతం నేర్పిన మఠం బ్రదర్ కానిస్ మన ఊరొచ్చాడు! బ్రదర్ల విశ్రాంతి గృహంలో ఉంటున్నాడు. ఎనభై దాటినా మనిషి నిటారుగా నడుస్తాడు, చేతికర్ర ఊరికే పట్టుకుంటాడేమో అనిపిస్తుంది. ఆదివారాలు గుడిలో హార్మోనియం వాయిస్తున్నాడు. నేను ఫింటన్ హెఫర్నన్ చెల్లెల్నని చెప్పగానే నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఫింటన్! నా బాకా ఫింటన్! అంత స్వచ్ఛంగా ఊదినవాడు నాకు మళ్ళీ దొరకలేదమ్మా" అన్నాడు. మన ఇంటి పూజకు వచ్చి సత్ప్రసాద ఊరేగింపు పాట వాయిస్తానని తనే అడిగి మాట తీసుకున్నాడు. నీకు రాస్తానంటే నీ చిరునామా ఇచ్చాను.

ఆ ఊరేగింపు గుర్తుందా? నా తొలి సత్ప్రసాదం ఏడాది. తెల్ల గౌను, చేతిలో పూలబుట్ట. మీ బడి బ్యాండుమేళం మన వీధిలోకి వచ్చేసరికి "ఫింటన్ అన్నయ్యా!" అని అరిచి, గుప్పెడు రేకులు నీ మీదే పోశాను. నువ్వు బిషప్పులా మెడ తిప్పకుండా వెళ్ళిపోయావు! ఆ రాత్రి అన్నం తినలేదు నేను. ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం.

నీ కోసం రోజూ ఒక జపమాల చెబుతున్నాను.

నీ చెల్లెలు
నోరీన్


కొవెంట్రీ
12 ఫిబ్రవరి 1996

నోరీన్,

నేను రాను. నా చిరునామా ఎవరికీ ఇవ్వకు.

ఇక్కడ వాన. నేను కాపలా చూసే బడిలో బాయిలర్ మళ్ళీ మొరాయించింది. పిల్లలు కోట్లు వేసుకుని పాఠాలు వింటున్నారు. కోల్మన్‌ను బరువులు ఎత్తవద్దను.

ఆ మనిషిని ఇంట్లోకి రానివ్వకు.

ఫింటన్


కిల్‌మోరన్
21 ఫిబ్రవరి 1996, విభూతి బుధవారం

అన్నయ్యా,

నుదుటి మీద విభూతి ఇంకా చెరగలేదు, ఇది రాస్తున్నాను. నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివినా అన్నే ముక్కలున్నాయి. వాన గురించీ బాయిలర్ గురించీ మూడు వాక్యాలు, నా గురించి ఒక్కటీ లేదు.

పొలం గురించి అయితే చెప్పు. నాన్న నాకు రాయడం నీకు కష్టం కలిగించి ఉంటుంది. కోల్మనూ నేనూ మాట్లాడుకున్నాం. వాగు అవతలి ముక్క నీ పేర పెడతాం. కోల్మన్ వెంటనే ఒప్పుకున్నాడు. అంటే, రాత్రి భోజనం అయ్యాక ఒప్పుకున్నాడు.

బ్రదర్ కానిస్ నీకు ఉత్తరం రాశాడట, జవాబు లేదని చిన్నబుచ్చుకున్నాడు. "పెద్దవాళ్ళయ్యాక మమ్మల్ని మరిచిపోతారమ్మా" అన్నాడు. నాకు సిగ్గేసింది. అమ్మ పోయినప్పుడు నాన్న మనల్ని సాకలేకపోయాడు. నన్ను పిన్ని తీసుకుంది, నిన్ను ఆ బ్రదర్లు తమ బడిలో ఉంచుకున్నారు. తిండి పెట్టారు, సంగీతం నేర్పారు. నలభై రోజుల ఉపవాస కాలం ఇది. ఒక ముసలాయనకు నాలుగు ముక్కలు రాస్తే ఏం పోతుంది?

నోరీన్


కొవెంట్రీ
3 మార్చి 1996

నోరీన్,

పొలం నీది. అందులో గడ్డిపరక కూడా నాకు వద్దు. కోల్మన్‌ను నిద్రపొమ్మను.

నీకు కోపం రాని విధంగా ఎలా చెప్పాలో తెలియక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇక చెబుతాను.

వాడి ఉత్తరం వచ్చింది. కవరు మీది దస్తూరి చూశాను. మెట్ల మీదే కూలబడ్డాను. కాసేపటికి కాళ్ళకు తడి తగిలింది. యాభై మూడేళ్ళ మనిషిని, ప్యాంటు తడుపుకున్నాను. కవరు విప్పకుండా పొయ్యిలో పడేశాను.

వాడి అంగీ చేతిలో తోలుపట్టా ఉండేది. రెండు తోళ్ళు కలిపి కుట్టి, లోపల సీసం ముక్కలు పెట్టించాడు. "చెయ్యి చాపు" అనేవాడు. గట్టిగా కూడా కాదు, మీ గుడిలో మాట్లాడే గొంతుతోనే. చాపాలి. అరచేతి మీద కొట్టడు, వేళ్ళ కొసల మీద కొడతాడు. చలికాలంలో కొసలు పగిలి ఉంటాయి కదా, అక్కడ. చెయ్యి వెనక్కి లాగితే మళ్ళీ మొదటినుంచి. పక్క తడిపినవాళ్ళు ఆ దుప్పటి నెత్తిమీద కప్పుకుని ముఖద్వారం దగ్గర నిలబడాలి. ఏడ్చినవాణ్ణి ఏడ్చినందుకు కొట్టేవాడు. ఏడవనివాణ్ణి పొగరని కొట్టేవాడు. ఒకసారి ఒకణ్ణి భోజనాల బల్ల మీద బోర్లా పడుకోబెట్టి వీపు కండ లేచేదాకా కొట్టి, "ఇప్పుడు ప్రార్థన" అన్నాడు. మేం నెత్తురు పక్కనే గంజి తాగాం. ఆకలి అలాంటిది.

నాకు ఎడమ చెవి వినపడదు. బాకా గొట్టంతో ఆ చెవి మీద కొట్టాడు. నాన్న అంత్యక్రియల నాడు నువ్వు పిలిచావన్నావు. ఎడమ పక్కనుంచి పిలిచి ఉంటావు.

ఫింటన్


కిల్‌మోరన్
10 మార్చి 1996

అన్నయ్యా,

చెవి సంగతి నాకు తెలియదు. ఇన్నేళ్ళు నీ మీద అలిగాను. క్షమించు.

మిగతాది మాత్రం ఎలా మింగాలో తెలియడం లేదు. మా బడిలోనూ టీచరమ్మ కొట్టేది. ఆ రోజుల్లో కొట్టనిది ఎవరు? పోయిన ఆదివారం బ్రదర్ కానిస్ పక్కింటి డెలియా వాళ్ళ మనవరాలికి చాక్లెట్ ఇచ్చి, పిల్ల ముక్కు తన రుమాలుతో తుడిచాడు. ఆ చెయ్యీ నువ్వు రాసిన చెయ్యీ ఒకటేనా?

ఉండబట్టలేక ఫాదర్ టైనన్‌ను అడిగాను, నీ పేరు చెప్పకుండానే. ఆయనకు తెలిసిపోయింది. "అప్పట్లో అంతా అలాగే ఉండేదమ్మా. మీ అన్న ఒక్కడే ఉంటున్నాడు కదూ? ఒంటరితనం మనిషి చేత ఏవేవో తలపోయిస్తుంది" అన్నాడు.

ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. నువ్వు తాగుతున్నావా?

నోరీన్


కొవెంట్రీ
17 మార్చి 1996

నోరీన్,

తాగుతున్నాను. టీ. రోజుకు ఎనిమిది కప్పులు. ఫాదరుకు చెప్పు, నా ఆత్మ కోసం ప్రార్థించమను.

నా మాట చాలకపోతే, తన మాట చెప్పుకోలేనివాడి సంగతి చెబుతాను. వాడి పేరు క్రిస్టీ టూమీ. పదకొండేళ్ళు, నా ఈడే. లిమరిక్ పిల్లాడు. ఎవరూ లేరు. మేళంలో నా పక్కన డ్రమ్ము వాయించేవాడు. రొట్టె ముక్క దొరికితే సగం నాకు పెట్టేవాడు, పెడుతూ "బిల్లు తర్వాత పంపిస్తాను దొరగారూ" అనేవాడు.

ఒక సాయంత్రం కానిస్ మమ్మల్నందరినీ మేళం గదిలోకి తోలి తలుపు గడియ పెట్టాడు. ఊరేగింపు పాట వాయించమన్నాడు. పెరట్లోకి కేకలు వినపడకూడదు, అందుకు. మేం వాయించాం. వాడు క్రిస్టీ చేత చొక్కా విప్పించి పట్టాతో మొదలుపెట్టాడు. తర్వాత చేతికి దొరికిన దానితో. డ్రమ్ము పుల్లలు విరిగాయి. జుట్టు పట్టుకుని తలను ఇనుప స్టాండుకేసి కొట్టాడు. మొదట్లో క్రిస్టీ "ఇంకెప్పుడూ చేయను బ్రదర్" అన్నాడు. తర్వాత "అమ్మా" అన్నాడు, అమ్మే లేనివాడు. తర్వాత ఏమీ అనలేదు. నా ఊపిరి ఆగి బాకా ఆగింది. అప్పుడే నా చెవి పోయింది. "వాయించు" అన్నాడు. వాయించాను.

రెండు రోజులు ఆస్పత్రి గదిలో చెవుల్లోంచి నీళ్ళు కారుతూ పడున్నాడు. మూడో రోజు మంచం ఖాళీ. మెదడువాపు జ్వరమన్నారు. వాడి సమాధి మీద మేమే పాట వాయించాం. అదే పాట. కానిస్ నీ ఇంట్లో వాయిస్తానన్న పాట.

వాడేం తప్పు చేశాడని మాత్రం అడగకు. నన్నూ అడగకు, ఇంకెవర్నీ అడగకు.

ఫింటన్


కిల్‌మోరన్
31 మార్చి 1996, మట్టల ఆదివారం

అన్నయ్యా,

అడిగాను.

నువ్వు వద్దన్నా అడిగాను. నీ ఉత్తరం చదివి పది రోజులు జపమాల చేతికి తీసుకోలేకపోయాను. అబద్ధమైతే నువ్వు పోయినట్టు, నిజమైతే నాకు తెలిసినదంతా పోయినట్టు. నిన్న సోడా రొట్టె చేసుకుని విశ్రాంతి గృహానికి వెళ్ళాను. ఆయన వెన్న రాసుకుంటుంటే మామూలుగా అడిగినట్టే అడిగాను.

"క్రిస్టీ టూమీ అనే అబ్బాయి మీకు గుర్తున్నాడా బ్రదర్?"

"టూమీ... డ్రమ్ము. ఔనమ్మా. మెదడువాపొచ్చి పోయాడు పాపం."

"మంచి పిల్లాడేనా?"

"చెయ్యి మంచిదే. నిలకడ లేదు. ఊరేగింపులో, బిషప్పు ముందు, తాళం తప్పాడమ్మా! ఎవరో తెల్ల గౌను పిల్ల, ప్రభువు ముందు చల్లాల్సిన పూలు తెచ్చి మావాళ్ళ మీద పోసింది. ఫింటన్ టోపీ మీద పడ్డాయి. మీ ఫింటన్ కదిలితే ఒట్టు, బంగారం. ఆ టూమీ ఫక్కుమని నవ్వాడు. డ్రమ్ము ఆగిపోయింది. ప్రభువు ముందు నవ్వడమేంటమ్మా?"

"మరి... తర్వాత ఏం జరిగింది బ్రదర్?"

"ఏముంది? మళ్ళీ తాళం తప్పలేదు."

అని నవ్వి, రొట్టె చాలా బాగుందన్నాడు.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. బుట్ట అక్కడే మరిచాను. ఆ పిల్ల నేనే. ఆ గుప్పెడు నాది. ఇన్నేళ్ళుగా నువ్వు నా వైపు చూడలేదని ఊరందరికీ కథలా చెప్పుకుని నవ్వాను. ఉత్తరాల్లో నీకూ రాశాను, నువ్వు చదివి ఊరుకున్నావు. నా కోసమే ఊరుకున్నావు.

ఇవాళ గుడిలో మట్టలు పంచారు. ఆయన హార్మోనియం దగ్గర కూర్చున్నాడు. పూజ మధ్యలో లేచి రాలేదు నేను. ప్రభువుతోనే చెప్పుకున్నాను, ఎవరి పక్షాన ఉన్నావని అడిగాను. కోపంగానే అడిగాను.

పూజ మా ఇంట్లోనే జరుగుతుంది. ఏం చేయాలో ఆలోచిస్తున్నాను.

నోరీన్


కొవెంట్రీ
6 ఏప్రిల్ 1996

నోరీన్,

అడగవద్దన్నాను కదే.

నీకు ఎనిమిదేళ్ళు. గుప్పెడు పువ్వులు పోశావు. చంపింది వాడు. ఈ వాక్యం రోజూ చదువుకో, జపమాలకు ముందు.

ఇక ఊరుకో. నువ్వు నోరు తెరిస్తే ఎవరూ నమ్మరు. ఫాదర్ నమ్మడు. డెలియా పలకరించకుండా నీ వాకిలి దాటి పోతుంది. కొట్లో నువ్వు అడుగు పెట్టగానే మాటలు ఆగిపోతాయి. నేనీ ఊళ్ళో ఎవరూ లేకుండా బతకడం నేర్చుకున్నాను. నీ జీవితమంతా ఆ గుడి చుట్టూ ఉంది. అది పోతే నీకేం మిగులుతుంది? ఒంట్లో బాగాలేదని చెప్పి పూజ ఇంకో ఇంటికి మార్పించు.

బతిమాలుతున్నాను.

ఫింటన్


కిల్‌మోరన్
20 ఏప్రిల్ 1996

అన్నయ్యా,

దస్తూరి వంకరగా ఉంది, సర్దుకుని చదువు. ఎడమ చేత్తో రాస్తున్నాను.

గురువారం ఇల్లంతా నిండింది. వంటింటి బల్లను రెండు కుర్చీల మీదికి ఎత్తి తెల్లగుడ్డ పరిచాం. ఫాదర్ పక్కగదిలో ఒక్కొక్కరి పాపాల ఒప్పుకోలు విని వచ్చి పూజ మొదలుపెట్టాడు. బ్రదర్ కానిస్ చిన్న హార్మోనియం తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఆయన్ను రావద్దని నేను కబురు పెట్టలేదు. ఆయన వినాలనే పెట్టలేదు.

పూజలో, ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు చదివే చోటు ఉంటుంది కదా. పేర్లు నేనే రాసిచ్చాను. అమ్మ, నాన్న, పిన్ని, కోల్మన్ వాళ్ళ అమ్మానాన్నలు, చివర క్రిస్టఫర్ టూమీ. ఫాదర్ అన్నీ చదివి, చివరిది చదివి తలెత్తాడు. "ఈ టూమీ మీ వాళ్ళేనా నోరీన్?"

నా గొంతు నీకు తెలుసు, పక్క గదికి వినపడదు. ఆ రోజు వినపడింది.

"మావాడే ఫాదర్. పదకొండేళ్ళవాడు. ఊరేగింపులో నవ్వినందుకు బ్రదర్ కానిస్ కొట్టి చంపాడు. మా అన్న చూశాడు."

ముందు డెలియానే తేరుకుంది. "పూజ మధ్యలో ఇవేం కూతలే! సున్నం ఘాటు తలకెక్కిందా?" అంది. ఫాదర్ చెయ్యెత్తాడు, ఆశీర్వదించడానికో ఆపడానికో తెలియలేదు.

బ్రదర్ కానిస్ లేచాడు. నా దగ్గరికి వచ్చాడు. మొహంలో కోపం లేదు అన్నయ్యా, అదే నాకు ఇప్పటికీ భయం. గుడిలో మాట్లాడే గొంతుతోనే అన్నాడు.

"చెయ్యి చాపు."

నేను చాపాను. యాభై ఏళ్ళదాన్ని, నా ఇంట్లో, నా వంటింట్లో. ఎందుకు చాపానో తెలియదు. కర్ర లేచింది. నువ్వు రాసిన చోటే పడింది, వేళ్ళ కొసల మీద. ఎనభై దాటిన మనిషి గురి అణువంత కూడా తప్పలేదు. రెండు వేళ్ళు విరిగాయని డాక్టరు అన్నాడు. నొప్పి కంటే ముందు నాకు చప్పుడు వినపడింది, ఎండు పుల్ల విరిచినట్టు.

అప్పుడు చూశారు అందరూ. నన్ను కాదు. వెనక మోకాళ్ళ మీద ఉన్న మాసీ బ్రెనన్‌ను. వాగు పక్కన ఒంటరిగా పశువులు కాసుకుంటూ, ఎవరితోనూ మాట్లాడని మాసీ, గుర్తున్నాడా? అరవై ఏళ్ళవాడు. అతనూ చెయ్యి చాపాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, తల ఒక పక్కకు తిప్పుకుని, అరచెయ్యి పైకి పెట్టి, తన వంతు కోసం ఎదురు చూస్తున్నాడు. అతను చిన్నప్పుడు ఎక్కడ పెరిగాడో ఈ ఊళ్ళో ఎవరూ అడగలేదు. ఆ క్షణంలో అడగాల్సిన పని లేకపోయింది. డెలియా నోటికి శాలువా అంచు అడ్డం పెట్టుకుంది.

"మాసీ," అన్నాడు ఫాదర్, "చెయ్యి దించు నాయనా." అతనికి వినపడలేదు. నేనే వెళ్ళి, బాగున్న చేత్తో అతని చెయ్యి దించాను.

కోల్మన్ ముందుకొచ్చాడు. బ్రదర్ చేతిలో కర్ర తీసుకున్నాడు, పొయ్యిలో వేస్తాడేమో అనుకున్నాను. వాకిలి తెరిచి బయట గోడకు ఆనించి వచ్చాడు. "మీ కర్ర బయట ఉంది బ్రదర్" అన్నాడు.

ఆయన వెళ్ళాడు. హార్మోనియం ఇక్కడే ఉండిపోయింది. ఫాదర్ టైనన్ పూజ ముగించాడు. పాట లేదు. ఫలహారానికి ఆగకుండా వెళ్ళిపోయాడు. గుమ్మంలో మాత్రం, "మీ అన్నకు నేనొక మాట బాకీ ఉన్నాను" అన్నాడు. ఏ మాటో చెప్పలేదు. చెబుతాడో లేదో కూడా తెలియదు.

నువ్వన్నట్టే జరుగుతోంది. నిన్న కొట్లో మాటలు ఆగిపోయాయి. విశ్రాంతి గృహం నుంచి ఒకాయన వచ్చి, ముసలితనంలో చెయ్యి జారిందని చెప్పమని కోల్మన్‌ను అడిగాడు. కోల్మన్ ఆయనకు తలుపు చూపించాడు. సగం ఊరు నాకు ఎదురు రావడం లేదు. కానీ రేపు ఆదివారం నేను గుడికి వెళ్తాను. నా చోట నేను కూర్చుంటాను. ప్రభువు ఆ మనిషి ఒక్కడికే చెందినవాడు కాదు.

ఫాదర్ కోసం ఉడికించిన గుడ్లు మాసీ తిన్నాడు. మొత్తం తిన్నాడు. వెళ్ళేటప్పుడు ఒక్కటే అడిగాడు. "ఫింటన్ ఎప్పుడొస్తాడు?"

నేనేం చెప్పను?

నోరీన్


కొవెంట్రీ
25 ఏప్రిల్ 1996

నోరీన్,

నీ ఉత్తరం బాయిలర్ గదిలో చదివాను. బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోయే దాకా ఆగాను.

మాసీకి చెప్పు, మే మూడు, శుక్రవారం పడవెక్కుతాను. శనివారం మధ్యాహ్నం బస్సుకు దిగుతాను. అతనొక్కణ్ణే పంపు. నువ్వు వస్తే బస్టాండులో ఏడుస్తావు, నేనూ మొదలుపెడతాను. ఇంటికి రాగానే ముందు మనిద్దరం క్రిస్టీ దగ్గరికి వెళ్దాం. మాసీ ఒప్పుకుంటే అతనూ వస్తాడు. వాడి సమాధి మీద పాటలేవీ వద్దు. కాసేపు ఊరికే నిలబడదాం.

ఒకటి నీకు చెప్పాలి. ఇన్నేళ్ళూ నువ్వు ఆ కథ చెప్పినప్పుడల్లా తప్పు చెప్పావు. నేను చూశాను. మేళం మలుపు తిరగకముందే చూశాను. తెల్ల గౌను. ఎడమ కాలి మేజోడు మడమ దాకా జారిపోయింది. ముందు పళ్ళు రెండు లేవు. బుట్ట నీకంటే పెద్దది. అప్పటికి నా రెండు చెవులూ పనిచేసేవి, నువ్వు పిలవడం రెండింటితోనూ విన్నాను. రేకులు టోపీ మీద పడ్డాయి, ఒకటి ముక్కు మీద పడింది. నా పెదవులు బాకాను అంటుకుని ఉన్నాయి. నాకు రావాల్సిన నవ్వు క్రిస్టీకి వచ్చింది, అంతే. మా ఇద్దరి తరఫునా వాడు నవ్వాడు. ఆ బడిలో నేను విన్న నవ్వుల్లో మంచిది అదే.

విరిగిన చెయ్యి జాగ్రత్త. నన్ను పిలిచేటప్పుడు కుడివైపు నుంచి పిలువు.

అన్నయ్య